మటన్ బిర్యానీకి మా అమ్మ జవాబు

మా చిన్నప్పుడు... షోలాపూర్ దాజీ పేట్‌లో మా ఇంటికీ చిన్నమ్మ వాళ్లింటికీ నడుమ ఒకటే గోడ. ఆ గోడలో చిన్న కిటికీ. అటు నుంచి పల్లీల చట్నీ వచ్చేది, ఇటు నుంచి పప్పు వెళ్లేది. ఏ గిన్నె ఎవరిదో ఎవరికీ గుర్తుండేది కాదు...

మా నాన్న తువ్వాళ్ల కార్ఖానాలో కూలికి పనిచేసేవాడు. అమ్మ బీడీలు చుట్టేది. చిన్నాయన మాత్రం సొంతంగా మరమగ్గం పెట్టుకున్నాడు. మేం దాన్ని సాంచ అంటాం. సాంచ వెనకాలే చిన్నమ్మ ఇంటికి ఫ్రిజ్ వచ్చింది.

ఆ నెలలోనే కిటికీ మూతపడింది!

"చల్లగాలి మనింట్లకు వస్తదని భయం గావచ్చు" అంది అమ్మ. ఆ మాట అటు వినపడాలనే గట్టిగా అంది.

నేనప్పటికే దొరికిన కరపత్రమల్లా చదివి లోకాన్ని బాగుచేసే పనిలో ఉన్నాను. అసూయ మీద ఉన్న కరపత్రం ఒకటి చిన్నమ్మ తలుపు కింద నుంచి తోశాను. తెల్లారి మా తలుపు కిందకి గర్వం మీద ఒకటి వచ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది... అమ్మ రెండూ మడిచి, కదలకుండా ఉంటుందని బీడీల చాట కింద పెట్టింది.

రెండు ఇళ్లూ ఏసయ్యను నమ్ముకున్నవే. శుక్రవారం శుక్రవారం ఒక్కో ఇంట్లో ప్రార్థన జరిగేది. మొదట్లో ప్రార్థన అయ్యాక చాయ్, బిస్కెట్లు. అంతే. ఒకసారి చిన్నమ్మ అటుకుల పోహే పెట్టింది. దాని మీద అమ్మ పూరీ, ఆలుగడ్డ కూర. ఆ పూరీ మీద చిన్నమ్మ పులావ్... ప్రార్థన పొట్టిదైపోయింది. పాటలు రెండో చరణం దాటేవి కావు. ప్రార్థన నడిపించే అయ్యగారి చొక్కా గుండీలు మాత్రం ఒకదాన్నొకటి చూడలేనంత దూరం జరిగాయి.

చివరికి చిన్నమ్మ మటన్ బిర్యానీ దించింది!

"తినుర్రి, సిగ్గుపడకుర్రి" అంటూ వడ్డిస్తోంది. "వచ్చే శుక్రారం అక్క ఇంట్ల ఇంతకన్న మంచిగుంటది. ఏం జేస్తున్నవక్కా మరి?"

ఇంట్లో జొన్నపిండి తప్ప ఏమీ లేదని నాకు తెలుసు. అందరూ అమ్మ ముఖంలోకే చూస్తున్నారు. అమ్మ చేతిలోని ఎముకను పళ్లెంలో పెట్టింది.

"ఉపవాసం" అంది.

"ఏందీ?"

"ఉపవాస ప్రార్థన. పొద్దుగాల కెల్లి పొద్దుగూకేదాక. ఎవ్వలు ఏం ముట్టొద్దు."

అయ్యగారి చేతిలోని ముక్క నోటిదాకా వెళ్లి ఆగింది. ఆయన వద్దనగలరా! "స్తోత్రం..." అన్నారు, వినపడీ వినపడకుండా.

ఇంటికొచ్చాక నాన్న అడిగాడు, "గెలిచినవా?"

"గెలిచిన" అంది అమ్మ. కొంగుతో మూతి తుడుచుకుంటూ, "బిర్యానీ అయితే మస్తుగుండె" అంది. ఇద్దరూ పడీ పడీ నవ్వారు.

శుక్రవారం వచ్చింది. మధ్యాహ్నం భోజనాల వేళకి గల్లీలోని సాంచలన్నీ ఆగాయి. అప్పటిదాకా ఆ ఖట్‌ఖట్‌లో కలిసిపోయిన కడుపుల చప్పుళ్లు ఒక్కసారిగా బయటపడ్డాయి. ఆకలి మీదున్న అయ్యగారికి ఆ రోజు మొహమాటం కూడా పోయింది.

"ఇన్ని రోజులు నా పొట్ట మీద మీరిద్దరు కొట్లాడిన్రు. నేను తిన్న. నాది గూడ తప్పే. ఇగ ఇద్దరు పక్కపక్కకు కూసోండ్రి. దేవుడు నీకేమిచ్చిండో చెప్పొద్దు. ఆమెకేమిచ్చిండో చెప్పి స్తోత్రం జెయ్యుండ్రి."

అమ్మ కళ్లు మూసుకుంది. "ప్రభువా... మా చెల్లెకు ఫ్రిజ్ ఇచ్చినవు. స్తోత్రం." పళ్లు కొరికిన చప్పుడు నాకు వినపడింది. "సాంచ ఇచ్చినవు. అది రాత్రంత కొట్టుకుంటది, మాకు నిద్ర రాదు. అయినా స్తోత్రం."

వెనక ఎవరో నవ్వారు. అమ్మ ఆగింది. మళ్లీ మొదలుపెట్టినప్పుడు గొంతు మారిపోయింది.

"నా బిడ్డ జ్వరంతోని కాలిపోయిన నాడు... గదే ఫ్రిజ్‌ల బరఫ్, అడుగకముందే తెచ్చి దాని నెత్తి మీద వెట్టింది. నేను మంచి మాట గూడ అనలె తండ్రీ..."

తర్వాత చిన్నమ్మ వంతు. కొంగు నెత్తి మీదికి లాక్కుంది.

"ప్రభువా, అక్కకు... పొద్దుగూకంగనె ఇంటికొచ్చే మొగణ్ణి ఇచ్చినవు. స్తోత్రం. ఇద్దరు కలిసి తింటరు, నవ్వుతరు. మా ఆయన సాంచ కాడనే తింటడు, సాంచ కాడనే పంటడు. గా ఫ్రిజ్‌తోని నేను ఎంతసేపని మాట్లాడాలె? ఆళ్ల నవ్వు ఇనలేకనే కిటికీ మూసిన..."

గోడకు ఆనుకుని కూర్చున్న చిన్నాయన తల వంచుకున్నాడు. ఫ్రిజ్ ఉన్న మనిషికి మా ఇంట్లో చూసి కుళ్లుకోవడానికి ఏమైనా ఉంటుందని మాకు ఏనాడూ తోచలేదు.

పొద్దుగూకింది. అమ్మ చేసింది కరకరలాడే కడక్ జొన్న రొట్టెలే. చిన్నమ్మ లేచి గబగబా వాళ్లింటికి పోయింది. గోడ అవతల గుద్దులు మొదలయ్యాయి. మూసి మూసి ఆ కిటికీ బిగుసుకుపోయింది మరి! చిన్నాయన పరుగెత్తి, సాంచ దగ్గరి సుత్తి తెచ్చి కొడితే గానీ తెరుచుకోలేదు. ముందు దుమ్ము రాలింది, వెనకాలే పల్లీల చట్నీ వచ్చింది.

అయ్యగారు ఆ రొట్టెలు తిన్నట్టు బిర్యానీ కూడా తినలేదు!

ఆ తర్వాత ప్రార్థన ఎవరింట్లో అయినా చాయ్ మాత్రమే. చిన్నాయన కూడా దీపాల వేళకి ఇంటికి రావడం మొదలుపెట్టాడు. కొన్నాళ్లకు అటు నుంచీ నవ్వులు వినపడేవి...

ఇప్పుడు ఆ గోడ లేదు. రెండు మేడలు లేచాయి, రెంటికీ వేరే వేరే గోడలు. కిటికీలన్నీ రోడ్డు వైపే. పక్కింట్లో ఏం వండారో ఫోన్‌లో చూసి తెలుసుకుంటున్నాం. చూపించుకోవడానికే వండుకునే ఈ బతుకును చూస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది!

అయినా మొన్న స్నేహితురాలి కొత్త స్కూటీ ఫొటో చూసి నా కడుపూ మండింది. దాని కింద "స్తోత్రం" అని రాశాను. పళ్లు కొరుకుతూనే... అమ్మ కూడా అలాగే కదా మొదలుపెట్టింది!

మీ ఇంటి గోడలోనూ అలాంటి కిటికీ ఉండేదా? దాన్ని మొదట ఎవరు తెరిచారో రాయండి...