అద్దాలు మూసిన కారు

నాన్న పాత కారులో ఏసీకి చిన్న మీట ఒకటి ఉండేది. కుడికి జరిపితే బయటి గాలి లోపలికి వచ్చేది, ఎడమకు జరిపితే లోపలి గాలే తిరిగేది. సాలూరులో లారీలు తోలిన మనిషి. లోపలి గాలే తిరిగితే నిద్ర ముంచుకొస్తుందని, ఎంత ఎండలోనైనా మీటను కుడికే ఉంచేవాడు. ఆయన పోయాక తమ్ముడు ఆ కారు అమ్మేసి, సెకండ్ హ్యాండ్‌లో పెద్ద కారొకటి కొన్నాడు. అందులో మీట లేదు, ఆటో అని రాసిన బటన్ ఉంది. ఎంత చల్లదనం కావాలో నొక్కితే చాలు, మిగతాదంతా అదే చూసుకుంటుందని వాడికి మహా గర్వం, అదేదో తనే కనిపెట్టినట్టు.

నా కాన్పు అయ్యాక విజయనగరం ఆసుపత్రి నుంచి నన్నూ పాపనూ ఆ కారులోనే ఇంటికి తీసుకొచ్చారు. బాలింతకు గాలి తగలకూడదని అమ్మ నా చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ చుట్టి, అద్దాలన్నీ మూయించింది. ఎండ మండిపోతోంది. చల్లదనం కోసం కారు తనంతట తానే లోపలి గాలిని తిప్పుతోంది. డిక్కీ వైపు నుంచి సన్నగా పొగ వాసన వస్తోందని చెప్పాను.

"ఆటో ఉన్నాది కదక్కా, అదే సూసుకుంటాది," అన్నాడు తమ్ముడు.

రామభద్రపురం దాటేసరికి నా తల పగిలిపోతోంది. నీరసం అంది అమ్మ, తనూ కునికిపాట్లు పడుతూనే. ఆసుపత్రిలో వార్డంతా దద్దరిల్లేలా ఏడ్చిన పిల్ల నా ఒళ్లో కదలకుండా పడి ఉంది. బుద్ధిగా నిద్రపోతోందని అమ్మ మురిసిపోయింది. పాలు పట్టబోయాను, నోరు తెరవలేదు. అరికాలు గిల్లాను, కాలు వెనక్కి తీసుకోలేదు.

అద్దం దించేసి, కారు ఆపమని అరిచాను. రోడ్డు పక్కన దిగి పాపను గుండెకు హత్తుకుని ఆ వడగాలిలోనే నిలబడ్డాను. చాలాసేపటికి పిల్లికూనలా మూలిగింది. తర్వాత ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

అమ్మ దృష్టిలో మాత్రం పిల్ల అలా అయిపోవడానికి కారణం నేను దించిన అద్దమే. ఆ సాయంత్రం దిష్టి తీస్తూ కూడా నన్ను తిట్టింది. సైలెన్సర్‌కు చిల్లు పడి ఆ పొగ లోపలికి వస్తోందేమో చూపించమని తమ్ముణ్ని ఎంత పోరానో. వాడు ఏసీ మెకానిక్‌కు చూపించాడు. ఏసీ బ్రహ్మాండంగా ఉందట.

మొన్న మా పిన్ని కూతురు శ్రీకాకుళంలో ప్రసవించింది. రేపు తల్లీబిడ్డల కోసం అదే కారు వెళుతోంది. నాకు భయంగా ఉంది. పొగ సంగతి మళ్లీ చెప్పబోతే ఎవరూ వినలేదు. పోనీ నేనూ వెంట వస్తానన్నాను.

"నువ్వొస్తే మళ్లీ అద్దాలు దించేస్తావు," అంది అమ్మ. తర్వాత తమ్ముడి వైపు తిరిగి చెప్పింది. "ఒరే, ఎనకాల అద్దాలు తెరుసుకోకుండా లాకు ఎయ్యి."