మైకు ముందు పుంగనూరు పిల్ల

పొద్దున కాఫీ తాగుతూ ఫోను చూస్తే మా కాలేజీ గ్రూపులో ఒక సర్క్యులర్ కనిపించింది. వక్తృత్వ పోటీల్లో ఎవరి మనసూ నొచ్చుకోకుండా, ఇకమీదట ప్రసంగాలను వారం ముందే కమిటీకి రాసివ్వాలట. మా మదనపల్లె యార్డులో టమోటాకైనా పెట్టె తెరిచి చూశాకే ధర కడతారు. పిల్లల మాటను మాత్రం పండకముందే తూచేస్తామన్నమాట. నవ్వొచ్చింది, వెంటనే సిగ్గూ వేసింది. అలాంటి కాగితం మీద ఒకప్పుడు నేనూ సంతకం పెట్టాను.

ఐదారేళ్ళ కిందటి మాట. పుంగనూరు అవతలి మెట్టపల్లె నుంచి ఒక పిల్ల మా డిగ్రీ కాలేజీకి వచ్చేది. వాళ్ళింట్లో తాతల నాటి నుంచి గొర్రెల మంద. క్లాసులో ఎంత నెమ్మదో మైకు ముందు అంత ధాటి. కుప్పంలో జరిగే కాలేజీల పోటీకి మావాళ్ళను ఎంపిక చేసే రోజున ఆ పిల్ల లేవగానే వెనక బెంచీల మగపిల్లలు "బే... బే..." అని అందుకున్నారు. పాపం, మాట మధ్యలోనే ఆపి కూర్చుంది. మా కమిటీ సమావేశమై, టీ బిస్కెట్లు ముగించి, కుప్పంలోనూ ఇలాగే జరిగితే నొచ్చుకుంటుందని దయతలిచి ఆమె పేరు కొట్టేసింది. కన్వీనరుగా కింద సంతకం నాది.

మరునాడు స్టాఫ్ రూముకు వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"నేనేం తప్పు సేసినా మేడమ్? అరిసినోళ్ళు వాళ్ళు. పేరు కొట్టేసింది నాదా?"

"నీ మంచికేనమ్మా" అని గొణిగాను.

"నాకు మంచి వద్దు మేడమ్, మైకు ఇప్పించండి. వాళ్ళని అరవనీండి."

ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళి ఆ కాగితం వెనక్కి తీసుకున్నాను. "గొడవైతే బాధ్యత మీదే" అన్నారాయన. కుప్పం బస్సులో దారి పొడుగునా, గొడవైతే ప్రిన్సిపాల్‌కు ఏం చెప్పాలో కూడబలుక్కుంటూనే ఉన్నాను. ఆ పిల్ల మాత్రం కిటికీ పక్కన కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుచుకు తింది.

అనుకున్నంతా అయింది. చప్పట్లు కొట్టడానికని మాతో వచ్చిన మా పిల్లలే హాల్లో "బే" అన్నారు, కుప్పం వాళ్ళు తోడయ్యారు. అల్లరి ఆపడానికి జడ్జి గంట మీద చెయ్యి వేశారు. పిల్ల వద్దని సైగచేసి, చెవి ఒగ్గి కాసేపు వింది.

"ఆ మూలది దప్పికైన అరుపు. ఈ పక్కది తల్లి తప్పిన పిల్ల. నడిమి వరసలో అన్న ఉండాడే, ఆయప్ప అరుపు మాత్రం యా మందలోనూ ఇన్లేదు. ఇంగొకసారి అరుసన్నా, సరిగ్గా ఇంటాను."

హాలు హాలంతా పగలబడి నవ్వింది. నడిమి వరస అన్నకూ నవ్వాగలేదు.

"అరిసే హక్కు మీకుండాది. బదులు సెప్పే హక్కు నాకుండాది. నన్ను కాపాడేదానికి నా నోరు మూస్తే, ఈడ మిగిలేది అరుపే కదా సార్" అని, మిగతా ఐదు నిమిషాలూ దంచేసింది. మొదటి బహుమతి ప్రకటించగానే అందరికంటే ముందు లేచి ఈల వేసింది ఆ నడిమి వరస అన్నే. నేనైతే కన్వీనరు మర్యాదంతా పక్కనపెట్టి కుర్చీ ఎక్కినంత పని చేశాను. అంత గర్వం నా ఉద్యోగంలో మళ్ళీ కలగలేదు.

ముప్పై ఏళ్ళుగా నేను చెప్పిన పాఠాల్లో చాలావాటిని కాలం తుడిచేసింది. ఆ పిల్ల నాకు చెప్పిన పాఠం మాత్రం ఏడాదికేడాది ఇంకాస్త బాగా అర్థమవుతోంది.