సారు చెప్పిన తెల్లకణాల పాఠం

మొన్న పొద్దున కావలి నుంచి ఫోనొచ్చింది. మా జువాలజీ సారు పోయినారు. టిఫిను తిని, పేపరు చదువుతా కుర్చీలోనే ఒరిగిపోయినారంట. ఎనభై దాటిన మనిషి. బాధ పడకుండా పోయినారని వాళ్లమ్మాయి చెప్తే, ఏడుపుకంటే ముందు మనసు కుదుటపడింది నాకు.

కాలేజీలో సారు బోర్డు వైపు తిరిగేవారు కాదు. మా మొహాలు చూస్తూనే చెయ్యి వెనక్కి చాపి బొమ్మ గీసేవారు. ఏ కణమైనా వంకాయలాగే వచ్చేది. "అర్థం కాకపోతే అడగండి. అర్థమైతే ఇంకా అడగండి" అనేవారు.

చదువయ్యాక నేను వాకాడు దగ్గర కోళ్ల ఫారం పెట్టుకున్నాను. ఒక చలికాలం బర్డ్ ఫ్లూ వచ్చి కోళ్లు వరసగా చచ్చిపోయినాయి. పశువుల డాక్టర్లు వచ్చి మిగిలినవాటిని కూడా చంపి పూడ్పించారు. ఆ వెంటనే నాకు జ్వరం, ఆయాసం. పలకరిద్దామని ఫోన్ చేసిన సారుకి నా దగ్గు వినబడింది.

"కోళ్లని ఒట్టి చేతుల్తో పట్టుకున్నావా?"

"మొదట్లో పట్టుకున్నా సార్, తెలవక."

"అయితే ఈ పూటే నెల్లూరు పో. కోళ్ల సంగతి డాక్టరుకి ముందే చెప్పు."

ఆసుపత్రిలో నన్ను విడిగా ఒక గదిలో పెట్టి మాత్రలు మొదలుపెట్టారు. పరీక్షలో బర్డ్ ఫ్లూ అనే తేలింది. సాయంత్రం సారు ఫోన్ చేస్తే, లోపల ఏం జరగతా ఉందని అడిగాను. ఆయన దాచలేదు. వైరస్ ఊపిరితిత్తుల లోతుకి దిగితే, అక్కడ కాపలా ఉండే తెల్లకణాలు దాన్ని మింగుతూ, మిగతా కణాలని సాయానికి పిలుస్తాయంట. వైరస్ మరీ జోరుగా పెరిగితే ఆ పిలుపు ఆగదు. గుంపులుగా వచ్చిపడిన కణాలు వైరస్‌తో పాటు ఊపిరితిత్తులనీ దెబ్బతీస్తాయి. గాలి ఉండాల్సిన చోట నీరు చేరుతుంది.

"అంటే, నా కణాలే నన్ను చంపుతాయా సార్?"

"వాటికి నీ మీద పగ లేదమ్మాయ్, కంగారు. మాత్ర వైరస్‌ని పెరగనీదు. అది తగ్గితే ఇవీ నెమ్మదిస్తాయి. ఆనక ఇంకోరకం కణాలొచ్చి, వైరస్ పట్టినవాటిని గుర్తుపట్టి ఏరేస్తాయి. వాటికి కాస్త టైమివ్వు. పడుకో."

ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చింది గాని, గండం గడిచింది. తొందరగా రావడమే మేలు చేసిందన్నాడు డాక్టరు.

షెడ్లు కడిగి, మందు కొట్టి, కొన్ని నెలలు ఖాళీగా ఉంచి, మళ్లీ కోడిపిల్లల్ని దించిన రోజు సారు బస్సెక్కి వచ్చారు. మాస్కు, తొడుగులు ఇస్తే మారుమాట లేకుండా వేసుకున్నారు. షెడ్డులో మెల్లిగా గొంతుక్కూర్చుని అరచెయ్యి నేలకి ఆనించారు. పసుపుపచ్చ పిల్ల ఒకటి దాని మీదికెక్కి, అటూ ఇటూ తిరిగి, కళ్లు మూసింది. ఆయనకి మోకాళ్ల నొప్పులు. అయినా అది లేచేదాకా చెయ్యి కదపలేదు.