రొంటిన దోపిన చీల

నా చిన్నప్పుడు మా ఊళ్ళో చెరుకు గానుగ ఆగితే అందరికీ దిగులు. మా అవ్వకు మాత్రం అది ఆగకుండా తిరుగుతుంటే దిగులు. పుంగనూరు పక్కన పల్లె మాది. ఊరంతటికీ ఒకటే గానుగ, ఇంటికొక వంతు. వంతు దాటిపోతే నరికిన చెరుకు ఎండిపోతుంది. అందుకని గానుగ దొరికిన ఇంటివాళ్ళు తిండీ నిద్రా మానుకొని ఆడించేవాళ్ళు. మా ఇంట్లో అట్లా కుదరదు. మధ్యాహ్నం ఎద్దులను విప్పితే మనుషులు కూడా నడుం వాల్చాల్సిందే. అవ్వ గోనెపట్టాలు తానే పరిచి, పడుకునేదాకా తలాపునే నిలబడేది. అంత పట్టుదల ఎందుకో మా నాయనకు కూడా ఎవరూ చెప్పలేదు.

మా తాత కుడిచేతికి వేళ్ళు లేవు. ఎప్పుడూ తువ్వాలు చుట్టి ఉండేది. పుట్టుకతోనే అంతేమో అనుకునేదాన్ని. ఒకసారి అడిగితే అవ్వ లేచి పెరట్లోకి పోయింది.

ఆ ఏడు మా వంతుకు అది చివరి రోజు. పొద్దు గుంకితే గానుగ వేరేవాళ్ళది. మా నాయన ముందురాత్రి కన్ను మూయలేదు. మధ్యాహ్నం అవ్వ పట్టాలు పరిస్తే, ఈ పొద్దుకు వద్దన్నాడు. మా ఎద్దులు అలిసిపోయినాయని వాటిని విప్పి, పక్కింటి జత అడిగి తెచ్చి కట్టినాడు. ఎద్దులు మారినాయి గానీ మనిషి మారలేదు చూడండి! అవ్వ మొహం మాడ్చుకొని అంబలి తేవడానికి ఇంటికి పోయింది.

అమ్మ ఎద్దుల వెనక తిరుగుతోంది. తాత బెల్లం పెనం కింద ఎడంచేత్తో మంట ఎగదోస్తున్నాడు. నేను పిప్పి ఎత్తి ఎండబెడుతున్నాను. నాయన గానుగ పక్కన కింద కూర్చొని ఇనుప రోలర్ల మధ్యకు చెరుకులు దూరుస్తున్నాడు. ఎద్దులు లాగే పొడుగాటి మాను తల మీదుగా వచ్చినప్పుడల్లా వంగాలి. ఒక చుట్టుకు ఆయన వంగలేదు. మాను తగిలి తలపాగా ఎగిరిపోయింది. నవ్వి మళ్ళీ చుట్టుకున్నాడు. అప్పటి నుంచి నా చూపు ఆయన మీద నుంచి మళ్ళలేదు.

కళ్ళు తెరిచే ఉన్నాయి, కానీ దేన్నీ చూడడం లేదు. చెరుకు సగం లోపలికి పోగానే వదిలేయాల్సిన చెయ్యి, వదలకుండా దాంతోపాటే ముందుకు పోతోంది. ఉలిక్కిపడి వెనక్కి లాక్కుంటున్నాడు. మళ్ళీ ఇంకో చెరుకు. ఈసారి ఇంకొంచెం దగ్గరికి పోయింది. ఎత్తిన పిప్పి చంకలో పెట్టుకొని అట్లే నిలబడిపోయినాను. గానుగ కిర్రుకిర్రుమంటోంది, రసం మీద కందిరీగలు ముసురుతున్నాయి. ఏమి భయమో తల్లీ, ఇప్పటికీ చెరుకు రసం వాసన తగిలితే రోడ్డు దాటి అవతలి పక్కకు పోతాను.

అవ్వ అంబలి కుండతో వచ్చింది. ఒక్క క్షణం నాయన చేతుల వైపు చూసింది. కుండ దించి, ఎద్దులకు అడ్డంపోయి ఆపి, కాడిని మానుకు బిగించే ఇనుప చీల ఊడబెరికి రొంటిన దోపుకుంది. గానుగ ఆగిపోయింది.

నాయనకు ఒళ్ళు మండింది. "మా, చీల ఈయి! ఇంగ నాలుగు మోపులే ఉండాయి!"

అవ్వ తాతను చెయ్యి పట్టుకొని తీసుకొచ్చి, తువ్వాలు విప్పి, ఆ మోడు చేతిని నాయన ఒళ్ళో పెట్టింది. "సూడ్రా నాయనా. ఆ పొద్దు మీ నాయన గూడా ఇంగ నాలుగు మోపులే అన్నాడు."

తాత తల దించుకున్నాడు. నాయన ఆ చేతికి తువ్వాలు తానే తిరిగి చుట్టినాడు. తర్వాత పోయి పట్టా మీద ఒరిగినాడు. ఒరిగీ ఒరగకముందే గురక. అవ్వ చీల మీద చెయ్యి వేసుకొని పక్కనే కూర్చుంది. ఆయన లేచి ఆడించేసరికి పొద్దు గుంకింది, కొంత చెరుకు మిగిలిపోయింది. అది ఎద్దులు తిన్నాయి.

ఆ గానుగ ఎప్పుడో పోయింది. ఇప్పుడు నా కొడుకు టమోటా బండి తోలుతాడు. మదనపల్లె మార్కెట్టు, కుప్పం, మళ్ళీ మదనపల్లె. ఈ మధ్యాహ్నం వచ్చి గబగబా నాలుగు ముద్దలు తిని, "ఇంకొక్క లోడే మా" అన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆ చూపు నాకు తెలుసు. చెయ్యి కడుక్కోవడానికి పోయినప్పుడు బండి తాళం తీసి రొంటిన దోపుకున్నాను. యాల మా ఇట్ల సేస్తావని అరిచినాడు, సణిగినాడు, గోడకు ఆనుకొని అట్లే నిద్రపోయినాడు. జేబులో ఫోన్ మోగుతానే ఉంది. మోగనీ. వాడి రెండు చేతులూ ఒళ్ళో వెల్లకిలా పడి ఉన్నాయి, వేళ్ళన్నీ ఉన్నాయి. వాటినే చూస్తూ కూర్చున్నాను.