దోన్ హసింతో దిష్టిబొమ్మ

దోన్ హసింతో అంచుందియా ఉద్యోగం మానేస్తానని చెప్పడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. మా దురాన్ ఊళ్లో ఆ సంగతి తెలియని వాళ్లు లేరు. రొయ్యల ఫ్యాక్టరీ గేటు పక్కన పచ్చి అరటికాయ ఉండలు వేయించే ఆవిడకి తెలుసు, ఐసు లారీల డ్రైవర్లకి తెలుసు, ఆయన భార్య నర్సీసా వెళ్లే చర్చిలో పాదిరీకి కూడా తెలుసు. తెలియనిది ఒక్క యజమాని ఇంజనీరు రెన్‌దోన్ గారికే. ఎందుకంటే ఆయన ముందు మాత్రం ఆ మాట హసింతో గొంతు దాటి రాలేదు.

ఫ్యాక్టరీలో సరుకు పంపించే పనికంతటికీ హసింతోయే పెద్ద. చెరువుల నుంచి రొయ్య రావాలి, ఐసు రావాలి, పెట్టెలు నిండాలి, కంటైనర్ వేళకి రేవు చేరాలి. ఇవన్నీ సవ్యంగా జరిగితే అది ఇంజనీరు గారి తెలివి. ఏదైనా బెడిసికొడితే హసింతో నిర్లక్ష్యం. చెవికొకటి చొప్పున రెండు ఫోన్లు పెట్టుకుని కాలుగాలిన పిల్లిలా తిరిగేవాడు. అన్నం నిలబడి తినేవాడు. నిద్రలో పళ్లు కొరికేవాడు. ఎడమ కంటి రెప్ప ఒకటే అదిరిపోతుండేది. అది చూసి కొత్తగా చేరిన ఆడవాళ్లు తమకి కన్ను కొడుతున్నాడనుకుని మొదట్లో బాధపడేవారు, తర్వాత సంగతి తెలిసి జాలిపడేవారు.

మా దగ్గర చెరువుల్లో రొయ్య పట్టేది సముద్రానికి పెద్ద పోటు వచ్చినప్పుడు. అమావాస్య పోటుకి ఒకసారి, పున్నమి పోటుకి ఒకసారి. "ఈ పోటు దాటనీ నర్సీసా, ఇంజనీరుతో మాట్లాడేస్తా" అనేవాడు హసింతో. పోటు దాటేది. చంద్రుడు చేసే పని చంద్రుడు మానడు కదా, మళ్లీ పోటు వచ్చేది. అది కాకపోతే చైనా వాళ్ల కొత్త సంవత్సరానికి ఆర్డర్లు, అవీ కాకపోతే స్పెయిన్ వాళ్ల క్రిస్మస్‌కి. లోకంలో ఎవరికి పండగొచ్చినా ఊడేది హసింతో సెలవే.

నవంబరులో ఒక అమావాస్య పోటుకి, ఐసు లారీకీ కంటైనర్‌కీ మధ్య ఆయన నిలువునా కూలిపోయాడు. ప్యాకింగ్ వాళ్లకి ఏం చేయాలో కాలూ చెయ్యీ ఆడలేదు. దాంతో చేతికి అలవాటైన పనే చేశారు. పారలతో ఐసు ఎత్తుకొచ్చి ఆయన మీద కప్పేశారు. హసింతో కళ్లు తెరిచి అడిగిన మొదటి మాట, "ఈ ఐసు ఏ లారీలోంచి తీశార్రా?"

డాక్టరు రక్తపోటు చూసి, చూసిన మిషను మీద నమ్మకం లేక ఇంకో మిషనుతో చూశాడు. "ఈ పని మానెయ్ దోన్ హసింతో. ఇంకోసారి పడ్డావంటే లేవవు" అన్నాడు.

"అలాగే డాక్టర్. ఈ పోటు దాటాక."

నర్సీసా ఇంటికొచ్చాక సూప్ గిన్నె ముందు పెట్టి చెప్పింది.

"చూడయ్యా, కొత్త సంవత్సరం లోపల నువ్వు మానకపోతే నేను మంతాలో మా అక్క దగ్గరికి వెళ్లిపోతా."

"అదేం మాటే? ఇప్పుడేమైందని?"

"ఏమీ కాకముందే పోతానంటున్నా. నువ్వు పోతుంటే చూస్తూ కూర్చోడం నావల్ల కాదు. ఏడిస్తే అక్కడే ఏడుస్తా, కనీసం సముద్రం గాలన్నా తగుల్తుంది."

ఆవిడ ఊరికే బెదిరించే మనిషి కాదని హసింతోకి తెలుసు. అయినా ఫోను మోగింది, ఆయన సూప్ వదిలేసి లేచాడు.

డిసెంబరు వచ్చింది. ఏడాది ఆఖరి రోజున పాత ఏడాదిని బొమ్మ చేసి తగలబెట్టడం మాకు అలవాటు. ఎవరి పీడ విరగడ కావాలనుకుంటే వాళ్ల రూపంలో చేస్తాం. బొమ్మకెక్కినవాడు కోపం తెచ్చుకోకూడదు, తెచ్చుకుంటే ఏడాదంతా నవ్వులపాలు. ఫ్యాక్టరీలో ప్యాకింగ్ మేస్త్రీ తోమాలా ఈ విషయంలో అందెవేసిన చెయ్యి. అనుమతి కోసం అతను హసింతో దగ్గరికి వచ్చాడు, ఎందుకంటే సరుకు చల్లబరిచే అమ్మోనియా గ్యాసు గది ఉన్న చోట నిప్పు రాజేయాలంటే హసింతో ఒప్పుకోవాలి.

"దోన్ హసింతో, ఈసారి బొమ్మని కాల్చడానికి..."

హసింతో ఒక ఫోనులో ఐసు వాడిని తిడుతున్నాడు, రెండో ఫోనులో రేవు వాడిచేత తిట్లు తింటున్నాడు. "వెనక దొడ్లో కాల్చండి. గాలి అమ్మోనియా గది వైపు కొట్టకుండా చూసుకోండి. బూడిద కడిగి పోవాలి."

"బొమ్మ ఎవరిదో అడగరా?"

"ఎవరిదైతే నాకేంట్రా? పనికి అడ్డం పడేవాడెవడైనా సరే, బాగా కాల్చండి."

"తమరి దయ" అన్నాడు తోమాలా, చాలా వినయంగా.

ఆ సాయంత్రమే తోమాలా నర్సీసా దగ్గరికి వెళ్లి పాత బట్టలు అడిగాడు. ఆవిడ ఒక్క ప్రశ్న కూడా వేయకుండా నీలం చొక్కా, ఖాకీ పాంటు, ఫ్యాక్టరీ టోపీ మడతపెట్టి ఇచ్చింది. "బెల్టు కూడా పట్టుకుపో నాయనా, ఈ మధ్య చిక్కిపోయి ఆయనకది నిలవట్లేదు" అంది.

బొమ్మని తెచ్చి ఆనవాయితీ ప్రకారం అందరికీ కనబడేలా హసింతో గది గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చోబెట్టారు. నిజం చెప్పాలంటే పనితనం గొప్పది. గడ్డి కూరిన ఒళ్లు, కాగితం గుజ్జుతో చేసిన మొహం, కుంగిన బుగ్గలు, చెవులకి రెండు చెక్క ఫోన్లు. చొక్కా జేబులో కడుపు మంట మాత్రలు. ఎడమ కన్ను కుడి కన్ను కంటే చిన్నగా గీశారు. హసింతో దాని ముందు నిలబడి నవ్వాడు, ఆచారం కాబట్టి. తర్వాత ఎవరూ చూడకుండా అద్దం దగ్గరికి వెళ్లి సరిచూసుకున్నాడు. బొమ్మే కాస్త నయంగా ఉందనిపించింది. కనీసం దానికి కూర్చునే తీరిక ఉంది.

ఇరవై తొమ్మిదో తారీకున పున్నమి పోటు సరుకు దిగుతోంది. హసింతో కాఫీ కోసం నాలుగడుగులు వేసి వెనక్కి వస్తున్నాడు. ఇంజనీరు రెన్‌దోన్ గారు ఎప్పటిలాగే ఫోనులో మాట్లాడుతూ అటుగా వచ్చారు. గుమ్మం దగ్గర ఆగి, ఫోను మీద అరచెయ్యి మూసి, బొమ్మతో మాట్లాడారు.

"హసింతో, చైనా కంటైనర్ ఒకటో తారీకు పొద్దున్నే కదలాలి. పండగ గిండగ అని పేచీ పెట్టకు. నువ్వుండి చూసుకో."

బొమ్మ పేచీ పెట్టలేదు.

అది ఇంజనీరు గారికి నచ్చినట్టుంది. దాని భుజం తట్టారు. "నువ్వు లేకపోతే ఈ ఫ్యాక్టరీ లేదయ్యా" అన్నారు, మళ్లీ ఫోను చెవిన పెట్టుకుని వెళ్లిపోయారు.

హసింతో చేతిలో కాఫీ చల్లారిపోయింది. ఆ మాట కోసం ఆయన ఇన్నేళ్లూ మొహం వాచిపోయి ఉన్నాడు. పెళ్లిరోజులు, పుట్టినరోజులు, చెల్లెలి కూతురి పెళ్లి, అన్నీ ఆ మాట వస్తుందనే ఆశకే ధారపోశాడు. చివరికి వచ్చింది. గడ్డికి వచ్చింది. ఆయనకి ఇంజనీరు మీద కోపం రాలేదు, బొమ్మ మీద అసూయ కలిగింది. అంతకంటే సిగ్గుచేటైన విషయం ఇంకోటుంది: కాఫీ పక్కన పెట్టి, ఒకటో తారీకు డ్యూటీకి తన పేరే రాసేసుకున్నాడు. బొమ్మకి చెప్పిన పని కూడా తనే చేయాలి కదా.

ముప్పై ఒకటిన మధ్యాహ్నం షిఫ్టు అయ్యాక అందరూ దొడ్లో చేరారు. ఇళ్లవాళ్లు కూడా వచ్చారు. నర్సీసా వచ్చింది, చేతిలో చిన్న పెట్టెతో. "సాయంత్రం మంతా బస్సుంది" అని మాత్రం చెప్పింది. హసింతో ఏదో అనబోయాడు, ఫోను మోగింది.

అప్పుడు తోమాలా వచ్చాడు, ఆచారం ప్రకారం బొమ్మగారి విధవ వేషంలో. పెళ్లాం నల్ల గౌను, నెత్తిన ముసుగు, రొమ్ముకి రెండు బెలూన్లు, మీసాల కింద ఎర్రటి లిప్‌స్టిక్. బొమ్మ కాళ్ల మీద పడి గుండెలు బాదుకున్నాడు.

"ఓ నా హసింతో! నన్ను అన్యాయం చేసి పోతున్నావా నాయనో! తాగుబోతువి కాదు, జూదరివి కాదు! ఇంకో ఆడదాని వెంట పడుంటే జుట్టు పట్టి దాన్ని ఈడ్చి పారేసేదాన్ని. కంటైనర్ జుట్టు ఎక్కడ పట్టుకోనురా దేవుడో!"

దొడ్డి దొడ్డంతా పగలబడి నవ్వింది. ఇంజనీరు గారు చప్పట్లు కొట్టారు. హసింతో కూడా నవ్వాడు. విధవ ముక్కు చీది, పాత ఏడాది బొమ్మ రాసిపోయిన వీలునామా చదవడం మొదలుపెట్టింది.

"నా కడుపు మంట ఇంజనీరు గారికి, వారికి ఎంతో కొంత ఉండాలి కాబట్టి. నా కుర్చీ తోమాలాకి, ఒక కాలు ఊగుతుంది, జాగ్రత్త. నా తిట్లు ఐసు వాడికి, వాడు వాటికి అలవాటు పడ్డాడు. ఇక నా ఆదివారాలు. అవన్నీ కొత్తవే, ఒక్కటీ వాడలేదు. అవి మా ఆవిడ నర్సీసాకి."

మళ్లీ నవ్వులు. హసింతో నవ్వుతూనే నర్సీసా వైపు చూశాడు. ఆవిడ నవ్వడం లేదు. ఏడవడమూ లేదు. మంతాకి బస్సు ఎక్కబోయే మనిషిలా, ఎదురుగా ఉన్నది చివరిసారి చూస్తున్నట్టు బొమ్మని చూస్తోంది. రక్తపోటు మిషను చెప్పనిది, ఐసు కింద పడి ఉన్నప్పుడు తెలియనిది, ఆ క్షణంలో ఆయనకి తెలిసింది. ఆవిడ అప్పుడే తనని పూడ్చేసుకుంటోంది. ఆయనకి భయం వేసింది, చావంటే కాదు, ఆ చూపంటే.

బొమ్మని అందరూ తలో తన్నూ తన్నారు. తోమాలా నిప్పు పెట్టాడు. చొక్కా అంటుకుంది, టోపీ అంటుకుంది. హసింతో జేబులో ఫోను మోగింది. ఆయన తీయలేదు. రెండోది కూడా మోగింది.

"హసింతో, ఫోను చూడవయ్యా" అన్నారు ఇంజనీరు గారు.

"హసింతో కాలుతున్నాడండీ" అన్నాడు హసింతో.

చుట్టూ ఉన్నవాళ్లు ఈల వేశారు. ఆయన రెండు ఫోన్లూ తీసి ఇంజనీరు గారి చేతిలో పెట్టాడు. "ఇవి వీలునామాలో లేవు ఇంజనీరు గారూ. ఫ్యాక్టరీవి. మీ దగ్గర ఉంచండి."

"భలేవాడివి! ఇన్నాళ్లూ నీకు హాస్యం తెలీదనుకున్నాను" అని ఇంజనీరు గారు కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వారు. "సరే, రేపు పొద్దున కంటైనర్ దగ్గర కలుద్దాం."

హసింతో నర్సీసా చేతిలో పెట్టె తీసుకున్నాడు. ఎటు వెళ్లాలో తోచక నిలబడిపోతే, ఆవిడే మోచెయ్యి పట్టుకుని ఇంటివైపు తిప్పింది.

ఒకటో తారీకు పొద్దున, నర్సీసా అరటికాయ ఉండలు వేయిస్తుంటే ఆవిడ ఫోను మోగింది. అవతల ఇంజనీరు గారు, గొంతులో నవ్వు ఎక్కడా లేదు.

"అమ్మా, హసింతో ఎక్కడ? కంటైనర్ ఆగిపోయింది ఇక్కడ!"

"అయ్యో, మర్చిపోయారా ఇంజనీరు గారూ? ఆయన నిన్ననే పోయారు కదండీ."

"తమాషాలకి ఇది టైమా అమ్మా?"

"తమాషా ఏముందండీ? మీ దొడ్లోనే కాల్చారు. మీరు దగ్గరుండి చప్పట్లు కూడా కొట్టారు. కుర్చీ తోమాలాకి రాసిపోయారు, వాణ్ణి అడగండి. ఆదివారాలు మాత్రం నావి, అవి నేనివ్వను." అని ఫోను పెట్టేసి, మూకుడులో ఉండ తిరగేసింది.

"ఎవరే?" అన్నాడు హసింతో బల్ల దగ్గర్నుంచి, నోటినిండా పెట్టుకుని.

"పోయినాయన కోసంలే" అంది నర్సీసా. "నువ్వు తిను."