తువెయ్ బాబాయ్ బూటు లేసు

తువెయ్ బాబాయ్ బూటు లేసు ఏ ముడికీ లొంగేది కాదు. పాలు పోయడానికి ఒంటరిగా వెళ్తే బుద్ధిగా ఉండేది. ముసలమ్మలతో కలిసి సంతకు బయలుదేరితే చాలు, ఊడేది. కుంటి ఆవును తోలుకొస్తున్నప్పుడు మరీ పేట్రేగిపోయేది. మా ఊరు ఇటెన్‌లో ఆయన ముఖం కంటే, వంగిన వీపే ఎక్కువమందికి గుర్తు.

నేను పరుగుల శిబిరంలో వంట చేస్తాను. మొక్కజొన్న పిండితో ఉగాలి ముద్ద కలిపి కలిపి నా చేతులు బలిశాయి. కాళ్ళకు ఆ భాగ్యం లేదు. ఆ ఏడు ఎల్డొరెట్ పట్నంలో మారథాన్‌కు పేరిచ్చానంటే కోచ్ కిమయ్యో చెంచా కింద పెట్టాడు.

"జెబెట్, మధ్యాహ్నం దాకా పరుగెత్తితే మన ఊళ్ళో దాన్ని మారథాన్ అనరు. సంతకెళ్ళి రావడం అంటారు."

"బారికేడ్లు తీసేలోపు వస్తాను."

"రాకపోతే?"

"ఈ బూట్లు మీకు తిరిగిచ్చేస్తాను. మళ్ళీ అడగను."

శిబిరంలో ఎవరో వాడి వదిలేసిన బూట్లే అవి. అయినా రాత్రిళ్ళు మంచం కిందకు చెయ్యి చాచి అవి ఉన్నాయో లేదో చూసుకునేదాన్ని.

నాతో పరుగెత్తడానికి బాబాయ్ ఒక్కడే ఒప్పుకున్నాడు. తెల్లారకముందే నాలుగురోడ్ల కూడలిలో ఊరంతా ఒక్కసారి పరుగందుకునేది. ఎర్రదుమ్ము అణిగేసరికి మేమిద్దరమే మిగిలేవాళ్ళం. మొదటి ఎత్తు సగం ఎక్కామో లేదో, ముందు నుంచి కేక.

"ఆగమ్మా, లేసు!"

నేను ఆయన చుట్టూ గంతులేసేదాన్ని. "రెండు ముళ్ళు వెయ్యొచ్చు కదా, బాబాయ్!"

"వేశానే. దీనికి సిగ్గు లేదు."

అప్పటికే తిరిగొస్తున్న కుర్రాళ్ళు ఊరుకునేవారు కాదు. "బాబాయ్, ఆవును కట్టే తాడు తెమ్మంటావా?"

"తే. ముందు నీ నోరు కడతాను."

కొత్త లేసులు కొనిచ్చాను. అవీ పాతవాటి దారే పట్టాయి. ఈ మనిషితో నేను గీత దాటేదెప్పుడు? ఉగాలి కలుపుతూ కూడా వంటింట్లో నా కాళ్ళు ఆగేవి కావు.

పందెం రోజు జనం కదిలారు, మాయమయ్యారు. బాబాయ్ వంగాడు. లేచాడు. మళ్ళీ వంగాడు. ఎండ నెత్తికెక్కింది. మా వెనక ఒక లారీ నిదానంగా వస్తోంది; మేము దాటిన బారికేడ్లను ఒక్కొక్కటే ఎక్కిస్తున్నారు. లారీ మమ్మల్ని దాటిందంటే ఇక పందెం లేదు, బూట్లూ లేవు.

"అమ్మా, ఎక్కేయండి! ఇంటి దగ్గర దింపుతాం," అన్నాడు పైనున్నవాడు.

"మీ లారీ చెడిపోతే మేమే తోసి పెడతాంలే," అన్నాడు బాబాయ్.

చివరి ఎత్తు. నా గొంతులో ఈల మోగుతోంది. కళ్ళ ముందు రోడ్డు ఊగింది.

"ఆగమ్మా, లేసు!"

"ఇప్పుడా? లారీ మీదకొస్తోంది! ఉండు, నేను కడతాను!"

కోపంగా ఆయన కాళ్ళ దగ్గర కూలబడ్డాను. లేసు పట్టుకుని లాగాను. రాలేదు. రెండు ముళ్ళు, చెమటకు తడిసి రాయిలా బిగుసుకున్నాయి. రెండో బూటు చూశాను. అదీ అంతే.

"ఊడలేదు కదా, బాబాయ్!"

ఆయన పక్కనున్న మొక్కజొన్న చేను కేసి చూశాడు. "ఊడేలా ఉంది."

నేను అలాగే కూర్చున్నాను. గొంతులో ఈల ఆగింది. రోడ్డు ఊగడం మానింది. అప్పుడు అర్థమైంది, ఇన్ని నెలలూ ఆయన చెవి నా ఊపిరి మీదే ఉందని.

"కట్టడం అయిందా?" అన్నాడు బాబాయ్.

"అయింది."

"అయితే పద, లారీవాడు నవ్వుతున్నాడు."

పరుగెత్తాం. లారీ ముందు చక్రాలకు ఓ నాలుగు బారల ముందుగా గీత దాటాం. అక్కడే కూలబడ్డ నన్ను కోచ్ చెయ్యి పట్టుకుని లేపాడు. బూట్ల మాట ఎత్తలేదు. తరువాత బాబాయ్ మీద పడ్డాడు.

"నీ దిక్కుమాలిన లేసు లేకపోతే ఈ పిల్ల ఎప్పుడో వచ్చేది!"

"నిజమే కోచ్," అని బాబాయ్ తల దించుకున్నాడు. "పాపం, నన్ను ఈడ్చుకొచ్చింది."

నేను నోరు తెరిచాను. బాబాయ్ నా కాలి మీద కాలు వేసి నొక్కాడు. ఆ రోజంతా పరుగెత్తినా అంత నొప్పి పుట్టలేదు.