ధర్మవార్డు గంజి

సుబ్బలక్ష్మమ్మ పుట్టిల్లు ఆనేకల్. కబ్బన్‌పేటకు కోడలిగా వచ్చినప్పటినుంచి ఆమె లోకమంతా మగ్గం, మొగుడు సొన్నప్ప, అత్త కెంపమ్మ. యుద్ధం వచ్చి నూలు దొరక్కపోయినా, బియ్యానికి రేషన్ పెట్టినా ఆ ఇంట్లో నవ్వుకు మాత్రం లోటు లేదు. సొన్నప్ప నోరు అలాంటిది. అంతటి మనిషినీ టైఫాయిడ్ జ్వరం మంచాన పడేసింది. కషాయాలు తాగించారు, మారెమ్మ గుడి తీర్థం పోశారు. ఏదీ పట్టలేదు. చివరికి నలుగురూ మోసుకుపోయి పేటలోని ధర్మాసుపత్రిలో చేర్చారు.

ఆ ఆసుపత్రి షావుకార్లు పుణ్యానికి కట్టించింది. వెనకాల ఒక రేకుల కొట్టం ఉండేది. రోగుల వెంట వచ్చిన ఆడవాళ్ళు అక్కడే పొయ్యి రాజేసి, తమ మనిషికి తామే వండి పెట్టుకునేవారు. పరాయి చేతి కూడు తినని జనానికి ఆ కొట్టమే సగం ధైర్యం. యుద్ధంతో అంతా తలకిందులైంది. ఊళ్ళోకి సిపాయిలొచ్చారు, కొత్త ఫ్యాక్టరీలొచ్చాయి, మందుల ధరలు మండిపోయాయి, షావుకార్ల చందాలు ఆగిపోయాయి. ఆసుపత్రి నడవాలిగా మరి! ముందువైపు వార్డును గదులుగా చేసి డబ్బున్నవాళ్ళకు ఇచ్చారు. కొట్టం పీకేసి అక్కడా గదులే లేపారు. డబ్బు కట్టలేనివాళ్ళుండే ధర్మవార్డుకు ఆసుపత్రి గంజే దిక్కు. అయినవాళ్ళు సాయంత్రం కాసేపు చూసి వెళ్ళిపోవాలి. అది తప్పని ఎలా అంటాం? కానీ ఎందుకిలా చేశారో ధర్మవార్డు జనానికి కూర్చోబెట్టి చెప్పిన మహానుభావుడు ఒక్కడూ లేడు!

కొన్నాళ్ళకు జ్వరం దిగింది. సొన్నప్పకు ఆకలి లేచింది. ఎముకల గూడులా ఉన్న మనిషి పెళ్ళాం చెయ్యి పట్టుకుని బతిమాలాడు. “వీళ్ళు నన్ను పస్తులు పెట్టి సంపుతా ఉండారే. ఒక్క రాగిముద్ద తేవే తల్లీ!”

సుబ్బలక్ష్మమ్మ డాక్టర్ శ్రీనివాసులుకు అడ్డం పడి అడిగింది. ఆయన గదుల వైపు పరుగెడుతూనే, “గంజి తేట తప్ప ఏమీ పెట్టొద్దమ్మా” అనేసి వెళ్ళిపోయాడు. ఆయన వెనకే పళ్ళాల్లో రొట్టె, గుడ్లు ఆ గదుల్లోకి పోతున్నాయి. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. దుడ్డున్నోళ్ళకు గుడ్లు, మాకు కడుగునీళ్ళా? ఆమె స్థానంలో ఎవరున్నా అలాగే అనుకుంటారు.

మర్నాడు సాయంత్రం ముద్ద కెలికి, పైటచెంగు కింద దాచి తీసుకుపోయింది. ఆకుకూర పులుసులో అద్ది పెడుతుంటే సొన్నప్ప ఆవురావురుమని తిన్నాడు. “ఇప్పుడు పానం లేచొచ్చినాది” అని నవ్వాడు. ఆ నవ్వు చూసి ఎన్ని రోజులైందో! ఇంటిదాకా ఆమె కాళ్ళు నేలమీద నిలవలేదు.

తెల్లారగానే ఆసుపత్రినుంచి కబురొచ్చింది. ఆమె వెళ్ళేసరికి అతను మెలికలు తిరిగిపోతున్నాడు. పొట్ట చెక్కలా బిగుసుకుపోయింది.

“ఏం పెట్టావు?” అన్నాడు డాక్టర్.

“రాగిముద్ద సామీ.”

ఆయన తల పట్టుకున్నాడు. “ఈ జ్వరంలో పేగుల్లో పుండ్లు పడతాయమ్మా. జ్వరం తగ్గినంత మాత్రాన అవి మానవు. గట్టిది తింటే పేగు చిల్లిపడుతుంది. అందుకే వద్దన్నాను.”

“ఆ మాట ముందే చెప్పకూడదా సామీ! బీదోళ్ళమని పెట్టలేదనుకుంటినే, దేవుడా!” అని ఆమె నేలమీద పడి తల బాదుకుంది. పొద్దు వాలకముందే సొన్నప్ప పోయాడు.

ఇంట్లో ఆమె నిజం చెప్పలేకపోయింది. చెబితే మొగుణ్ణి పొట్టన పెట్టుకున్నదాన్ని అత్త గడప తొక్కనిస్తుందా? ఆనేకల్‌లో ఆదుకునే దిక్కూ లేదు. కెంపమ్మ మాత్రం వచ్చినవాళ్ళందరి దగ్గరా గుండెలు బాదుకుంది. “నా బిడ్డ ఆకలి ఆకలి అంటానే సచ్చిపాయనమ్మా! ఎవరూ ఆ ఆసుపత్రి మొగం సూడొద్దండి!” ఆ వీధి మొత్తం ఆ మాటే పట్టుకుంది.

జ్వరం ఇల్లిల్లూ తిరుగుతోంది, ఆ వీధినుంచి ఒక్క రోగీ రావడం లేదు. డాక్టర్ శ్రీనివాసులే ఆసుపత్రి పెద్దలతో పోట్లాడి, ఒక గది పడగొట్టించి, కొట్టం మళ్ళీ వేయించాడు. వీధిలోకొచ్చి ఇంటింటా చెప్పాడు. “గంజి మీ చేత్తోనే కాచుకోండి. ఏది ఎందుకు వద్దంటున్నామో అంతా చెబుతాం, రండమ్మా.” కెంపమ్మ చీపురు తీసుకుని తరిమింది. సుబ్బలక్ష్మమ్మ తలుపు చాటున నిలబడి నోరు మెదపలేదు.

పక్కింటి రత్నమ్మ కూతురు సరోజకూ అదే జ్వరం. ఒకరోజు ఆ పిల్లకు జ్వరం దిగి, కూడు పెట్టమని ఏడుస్తోంది. గోడ అవతల ముద్ద కెలుకుతున్న చప్పుడు. అది సుబ్బలక్ష్మమ్మ చెవిన పడింది. చెబితే తనకు ఇల్లు లేదు. చెప్పకపోతే ఆ పిల్ల లేదు.

పరుగెత్తుకెళ్ళి పళ్ళెం లాక్కుంది. “పెట్టొద్దు రత్నమ్మా!”

వెనకే వచ్చిన కెంపమ్మ విరుచుకుపడింది. “నువ్వూ ఆ డాక్టరు మాటే చెప్తా ఉండావా? ఈ బిడ్డనూ ఆకలితో సంపాలనా?”

“మీ కొడుకు ఆకలితో పోలేదత్తా. నేను దాచి ముద్ద తీసకపోయి పెట్టినా. దాంతో పేగు చిల్లిపడి సచ్చిపాయ. నేనే సంపుకుంటి.”

రత్నమ్మ పిల్లను భుజాన వేసుకుని ఆసుపత్రి వైపు పరుగు తీసింది.

కెంపమ్మ కోడలి మొహంలోకి చూసింది. “కడుపునిండా తిన్నాడా?” అంది.

“తిన్నాడత్తా. నవ్వినాడు కూడా.”

“సాలు. ఇంక నా కండ్ల ముందర ఉండొద్దు. పో.”

కట్టుబట్టలతో సుబ్బలక్ష్మమ్మ వీధిలోకి నడిచింది. ఎక్కడికి పోవాలో తోచలేదు. రత్నమ్మేమో పిల్ల దగ్గర కూర్చుంటే ఇక గంజి కాచేవాళ్ళు ఎవరున్నారని, ఏడుస్తూనే ఆసుపత్రి కొట్టానికి వెళ్ళింది.